ఊరు విడిచిన వాళ్ల నలభై రోజులు

లెంటు ఆదివారాల్లో ఏ వాక్యం చదవాలో చెప్పే పట్టిక ఎప్పుడో, ఎక్కడో తయారైంది. వలస కార్మికుల నగరం సూరత్‌లో మాత్రం అది ఆ ఊరి కోసమే రాసినట్టుంటుంది

2026లో లెంటు మొదటి ఆదివారం ఫిబ్రవరి 22. ఆ రోజు సూరత్‌లోని కేథలిక్ చర్చిల్లో చదవాల్సిన సువిశేష భాగం మత్తయి 4:1-11. నలభై రోజుల పస్తు తర్వాత ఆకలిగొన్న యేసును సాతాను పరీక్షించే ఘట్టం అది. రాళ్లను రొట్టెలుగా మార్చుకోమనే సలహాతో మొదలవుతుంది. సూరత్‌కి ఈ భాగం కొత్తది కాదు. తాపీ నది ఒడ్డున ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, 1690 ప్రాంతంలో, అక్కడి ఇంగ్లిష్ చాప్లిన్ జాన్ ఓవింగ్టన్ చేతిలో ఉండేది 1662 నాటి ప్రార్థన పుస్తకం. అందులోనూ లెంటు మొదటి ఆదివారానికి నిర్ణయించిన భాగం ఇదే. ఈ మధ్యలో సూరత్ మొగలుల రేవుగా వెలిగింది, బొంబాయి పుంజుకోవడంతో వెనకబడింది, మళ్లీ వజ్రాలతో, సింథటిక్ చీరలతో లేచి నిలబడింది. పట్టికలో ఆ ఒక్క వరస మాత్రం చెక్కుచెదరలేదు.

సూరత్ అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది చీరే. పెళ్లికూతురి పట్టుచీర కంచిదో ధర్మవరానిదో అయినా, చుట్టాలకు పెట్టే చీరలు చాలావరకు సూరత్ సరుకే. ఆ బట్ట నేసే మరమగ్గాల దగ్గర (సిరిసిల్లలో వీటినే సాంచాలంటారు) తెలుగువాళ్లు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. చేనేతకు గిట్టుబాటు తగ్గిన కాలంలో తెలంగాణ పద్మశాలీలు షోలాపూర్, భివండిలకు వెళ్లినట్టే సూరత్‌కూ వెళ్లారు. లింబాయత్ లాంటి పేటల్లో స్థిరపడ్డారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపేంతగా ఆ సంఖ్య పెరిగింది. వీరిలో అత్యధికులు హిందువులు, మార్కండేయుణ్ణి కొలిచే కుటుంబాలు. క్రైస్తవులు కొద్దిమందే. అయితే లెంటు ఆదివారాల పఠనాల్లో ఏముందో చూస్తే, మతంతో పని లేకుండా, ఊరు విడిచి సూరత్ చేరిన ఎవరికైనా తమ కథే వినిపిస్తుంది.

ముందు లెంటు గురించి రెండు మాటలు. తెలుగు ప్రొటెస్టెంట్లు శ్రమ దినాలు అంటారు, కేథలిక్కులు తపస్కాలం అంటారు. గుజరాతీ కేథలిక్కులకు ఇది తపఋతు, హిందీ వారికి చాలీసా. భస్మ బుధవారంతో మొదలై ఈస్టర్ ముందురోజు శనివారంతో ముగుస్తుంది. లెక్కపెడితే 46 రోజులొస్తాయి. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం పునరుత్థానానికి గుర్తు కాబట్టి ఆ రోజు పస్తు లేదు. అంటే ఆదివారాలు లెంటులో ఉంటాయి గానీ లెంటు లెక్కలోకి రావు. తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఈ రోజుల్లో పెళ్లిళ్లు పెట్టుకోవు, శూన్యమాసంలో పెట్టుకోనట్టే. హోలీ దాదాపు ఎప్పుడూ ఈ రోజుల్లోనే పడుతుంది, ఉగాది చాలా ఏళ్లు పడుతుంది. పదో తరగతి పరీక్షలూ అప్పుడే.

ఇక పట్టిక సంగతి. ఏ ఆదివారం బైబిల్లో ఏ భాగం చదవాలో ముందే నిర్ణయించి పెట్టే జాబితాను లెక్షనరీ అంటారు. ఆలోచన చాలా పాతది. యూదుల సమాజ మందిరాల్లో ధర్మశాస్త్రాన్ని వరుసగా చదివే పద్ధతి నుంచి వచ్చింది. 380లలో జెరూసలేం వెళ్లిన ఎజీరియా అనే యాత్రికురాలు, అక్కడ రోజుకు, స్థలానికి తగిన వాక్యం చదవడం చూసి ఆశ్చర్యపోయి రాసిపెట్టింది. ఆ జెరూసలేం పఠనాల క్రమం నేటికి మిగిలింది ఆర్మీనియన్ల పుణ్యమా అని. అయిదో శతాబ్దపు ఆ జాబితాను వాళ్లు తమ భాషలో భద్రపరచుకున్నారు. ఆ ఆర్మీనియన్లే తర్వాతి కాలంలో వర్తకులై సూరత్ వచ్చారు. వాళ్ల సమాధులు ఇంగ్లిష్, డచ్ వాళ్ల సమాధులతో పాటు సూరత్‌లో నేటికీ ఉన్నాయి. ఇంగ్లిష్ దొర ఆక్సెండెన్ సమాధి మీది గుమ్మటాలు చూసేవాళ్లకు, ఆర్మీనియన్ల రాళ్లు అంతగా కంటికి ఆనవు.

అప్పటి సూరత్‌లో లెంటు ఒకటి కాదు, కనీసం రెండు. రోమన్ కేథలిక్కులు 1582లో పోపు సవరించిన కేలండర్ పాటించేవారు. ఇంగ్లిష్ వాళ్లు 1752 దాకా పాత కేలండర్‌నే పట్టుకుని ఉన్నారు. దృక్‌సిద్ధాంతం, పూర్వసిద్ధాంతం పంచాంగాల తగాదాతో ఒకే పండుగను రెండు రోజులు చేసుకునే తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది విడమర్చి చెప్పనక్కర్లేదు. అయితే ఇక్కడ తేడా ఒక రోజుది కాదు. 1690 సంగతే చూస్తే, రోమన్ లెక్క ప్రకారం ఈస్టర్ మార్చి 26. ఇంగ్లిష్ లెక్కలో అదే రోజు లెంటులో రెండో ఆదివారం. ఒకే ఊళ్లో ఒక చర్చి పునరుత్థానం పండుగ చేసుకుంటుంటే, మరోచోట పస్తులు ఇంకా రెండో వారం దాటలేదు. కంపెనీ ప్రార్థన మందిరంలో ఆ ఆదివారానికి నిర్ణయమైన భాగం మత్తయి 15:21-28. పరాయి జాతి స్త్రీ ఒకామె తన కూతుర్ని బాగుచేయమని యేసును వేడుకుంటుంది. పిల్లల రొట్టె కుక్కలకు వేయడం తగదన్నట్టు మాట వస్తే, బల్ల కింద పడే ముక్కలైనా కుక్కలకు దక్కుతాయి కదా అని ఎదురు చెబుతుంది. మొగలుల రేవులో పరాయివాళ్లుగా, అనుమతుల ఫర్మానాల మీద బతికే వ్యాపారులు ఆ మాటలు ఏ చెవితో విన్నారో మరి.

కంపెనీ చాప్లిన్ ఇంగ్లిష్‌లో చదివితే, గోడ అవతల సూరత్ జనానికి అది చేరేది కాదు. అందుకు ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. ఇక్కడే తెలుగువాళ్ల కథ సూరత్ కథతో మొదటిసారి కలుస్తుంది. 1804లో లండన్ మిషనరీ సొసైటీ ఇండియాకు ఒక జట్టును పంపింది. అందులో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. లవ్‌లెస్, డాక్టర్ టేలర్ అనే ఇద్దర్ని సూరత్ కోసం అనుకున్నారు. లవ్‌లెస్ మద్రాసులోనే ఆగిపోయాడు. టేలర్ బొంబాయి చేరి సర్కారు వైద్య ఉద్యోగంలో కుదురుకున్నాడు. సూరత్ అలా తప్పిపోయింది. విశాఖలో మాత్రం పని సాగింది. డెగ్రాంజెస్ ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో తెలుగు అనువాదం మొదలుపెట్టి, 1810లో చనిపోయాడు. వాళ్ల మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది.

సూరత్‌కి అదే సొసైటీ 1815లో మళ్లీ మనుషుల్ని పంపింది. జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అక్కడ కూర్చుని బైబిల్‌ని గుజరాతీలోకి తెచ్చారు. 1820ల తొలి ఏళ్లలో అది సూరత్‌లోనే అచ్చయింది. 1840లలో ఈ పని ఐరిష్ ప్రెస్బిటేరియన్ల చేతికి వచ్చింది. వారి మిషన్ ప్రెస్ గుజరాతీ అచ్చుకు పెద్ద అడ్డా అయింది. ఆ సంఘాలే 1970 నవంబర్ 29న నాగ్‌పూర్‌లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో కలిశాయి. విశాఖ వైపు లండన్ మిషన్ వారసత్వం వేరే దారి పట్టింది. ఒకే సొసైటీకి పుట్టిన రెండు అనువాదాలు, రెండు లిపులు. ఈ రోజు సూరత్‌లో గుజరాతీ ఆరాధనకు వెళ్లే తెలుగు మనిషి ఒళ్లో తెరిచి పెట్టుకునేది ఆ రెండో బైబిల్‌ని.

పట్టిక అసలు ఉపయోగం అక్కడ తెలుస్తుంది. ముందు నిలబడి ఎవరో గుజరాతీలో చదువుతుంటారు. సగం అర్థమవుతుంది, సగం కాదు. కానీ అధ్యాయం, వచనం అంకెలకు భాష లేదు. యోహాను నాలుగు అంటే నాలుగే. తన పుస్తకంలో అదే పుట తెరిచి, తన భాషలో, తన కళ్లతో, సరిగ్గా అదే వేగంతో వెంట నడవొచ్చు. వరంగల్‌లోనో గుంటూరులోనో అదే పట్టిక పాటించే చర్చిలో ఇంటివాళ్లు ఆ ఉదయం వినేదీ అదే భాగం. ఆదివారం సాయంత్రం ఫోన్‌లో, ఏం వండారనే మాట తర్వాత, ఈ రోజు వాక్యం ఏమిటని అడగాల్సిన పని లేదు.

అందరూ ఒకే పట్టిక పాటిస్తారని కాదు. కేథలిక్కులది 1969లో రోమ్ ఇచ్చిన మూడేళ్ల పట్టిక. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. దాన్ని ఆధారం చేసుకుని ప్రొటెస్టెంట్ సంఘాలు అనేకం కలిసి 1983లో ఒకటి, దాన్ని సవరించి 1992లో ఇంకొకటి తయారుచేసుకున్నాయి. లెంటులో ఈ రెండూ చాలాచోట్ల ఏకమవుతాయి. రెండో ఆదివారం మాత్రం కేథలిక్కులు కొండమీది రూపాంతరం చదువుతారు. ఇతరులు మత్తయి ఏడాదిలో నికోదేము రాత్రివేళ వచ్చిన కథ చదువుతారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకు సొంత పట్టిక ఉంది. ఒక్కో ఆదివారానికి ఒక్కో అంశం పెట్టి, దానికి తగిన భాగాలిస్తుంది. లూథరన్లకూ పట్టిక అలవాటే. బాప్టిస్టులు, పెంతెకోస్తులు, లెక్కలేనన్ని స్వతంత్ర సంఘాలకు ఆ బాధ లేదు. పాస్టర్ ఏది తీస్తే అదే ఆనాటి వాక్యం. ఇందులో స్వేచ్ఛ ఉంది, ఒక సుఖం కూడా ఉంది. మింగుడుపడని భాగాన్ని దాటేయొచ్చు. పట్టిక ఉన్నచోట అది కుదరదు, ఆ ఆదివారం వంతు వచ్చిన దాన్ని చదివి తీరాలి. అలాగని పట్టిక తయారుచేసిన వాళ్లూ తక్కువవాళ్లు కాదు, దాటేయాల్సినవి ముందే దాటేశారు.

దానికి ఉదాహరణ 137వ కీర్తన. మార్కు ఏడాదిలో లెంటు నాలుగో ఆదివారం కేథలిక్కులు చదివేది ఇదే. బబులోను నదుల ఒడ్డున చెరపట్టబడిన యూదులు కూర్చుని ఏడుస్తారు. తీసుకొచ్చిన వాళ్లు ఓ పాట పాడమంటారు. పరాయి నేల మీద ఆ పాట ఎలా పాడతామని వాళ్లు వాయిద్యాలు చెట్లకు తగిలిస్తారు. ఊరిని మరిచిపోతే తన చేయి, తన నాలుక పనికిరాకుండా పోవాలని ఒట్టు పెట్టుకుంటారు. పట్టిక ఆరో వచనం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన మూడు వచనాల్లో పగ ఉంది, భరించలేని శాపం ఉంది. ఆదివారం ఉదయం అవి వినిపించవు. ఊరి మీద బెంగ చదవొచ్చు, బెంగ ముదిరి కోపమైతే చదవకూడదు. ఈ కోత అందరికీ నచ్చలేదు, నచ్చాల్సిన పనీ లేదు.

అదే ఆదివారం మొదటి పఠనం దినవృత్తాంతాల రెండో గ్రంథం చివరి అధ్యాయం. పర్షియా రాజు కోరెషు బబులోనును గెలిచి, ఇష్టమైన వాళ్లు సొంత ఊరికి వెళ్లిపోవచ్చని చాటింపు వేయిస్తాడు. మరో దేశపు, మరో మతపు రాజు చేతుల మీదుగా చెర వీడిందన్నది ఆ కథలో గొప్ప మలుపు. ఈ పఠనం సూరత్‌లో చదవడంలో ఒక రుచి ఉంది. పర్షియా వదిలి గుజరాత్ తీరం చేరిన పార్శీల పాత నగరాల్లో సూరత్ ఒకటి. కోరెషు వాళ్లకు ఘనమైన పూర్వీకుడు. ఊరు వదిలి వచ్చి, వచ్చిన చోటి భాషనే తమదిగా చేసుకున్న వాళ్లలో పార్శీలే ముందువరస. వాళ్లు ఇంట్లో మాట్లాడేది గుజరాతీయే.

తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఆ మలుపు దగ్గరే ఉన్నాయి. మున్సిపల్ బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకున్న పిల్లలు కూడా పై చదువుకు వచ్చేసరికి హిందీలోకో, గుజరాతీలోకో, ఇంగ్లిష్‌లోకో మారిపోతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం తగ్గిపోతుంది. చదవడమంటే గ్రాంథిక వాసన వేసే బైబిల్ తెలుగు చదవడం మరీ కష్టం. తెలుగు ఆరాధనలో వాక్య పఠనానికి ఒక మనిషి లేచి నిలబడి, పదిమంది ముందు, అచ్చు తెలుగును గొంతెత్తి తప్పులేకుండా చదవాలి. వలస ఊళ్లో అలాంటి సందర్భాలు ఇంకెన్ని ఉంటాయి? పెళ్లి శుభలేఖ చదవడం లెక్కలోకి రాదు.

మూడేళ్లలో లూకా ఏడాది మొదటి ఆదివారానిది ఇంకో తీరు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం. పంట చేతికొచ్చిన రైతు గంపలో తొలి ఫలం తెచ్చి దేవుడి ముందు పెట్టి, అప్పజెప్పాల్సిన పాఠం ఒకటుంది. మా నాయన ఊరూ వాడా లేని అరామీయుడు, కొద్దిమందితో ఐగుప్తుకు వలసపోయాడు, అక్కడ మమ్మల్ని వెట్టిచాకిరీ చేయించారు అన్న అర్థంలో సాగుతుంది. పొలం, ఇల్లు అమరాక కూడా తాను వలస కూలీ కొడుకునని ఏటా బయటికి చెప్పుకోవాలన్నమాట. అక్కడితో అయిపోదు. పదకొండో వచనం ఆ పంట విందులో ఊళ్లోని పరదేశికీ వాటా ఇమ్మంటుంది. చిత్రమేమిటంటే, కేథలిక్ పట్టిక పదో వచనంతో ఆపేస్తుంది, పరదేశి వాటా అందులో రాదు. 1992 నాటి ఉమ్మడి పట్టికలో మాత్రం పదకొండోదీ ఉంది.

మూడో ఆదివారం లూకా 13. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు మిగతా ఊరికంటే పాపాత్ములనుకుంటున్నారా అని యేసు అడుగుతాడు. ఈ ప్రశ్న సూరత్‌కి బాగా తెలుసు. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షలమంది ఊరొదిలి పారిపోయినప్పుడూ, 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలాక తాపీ ఊరినిండా పారినప్పుడూ తప్పెవరిదన్న ప్రశ్నే ముందు లేచింది. మురికివాడల వాళ్లదన్నారు, అధికారులదన్నారు.

మత్తయి ఏడాది పఠనాలు వీటన్నింటికంటే పాతవి, బరువైనవి. మూడు, నాలుగు, అయిదో ఆదివారాల్లో వరుసగా సమరయ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు. మూడూ యోహాను సువార్తలోవే. ఈస్టర్ రాత్రి బాప్తిస్మం తీసుకోబోయే వాళ్లను సిద్ధం చేయడానికి తొలి శతాబ్దాల చర్చి వాడిన కథలివి. పూర్తిగా చదివితే ఒక్కోటి నలభై వచనాల దాకా ఉంటుంది. నిలబడి వినడం అలవాటు కాబట్టి ముసలివాళ్ల కాళ్లు లాగుతాయి. రెండో ఆదివారం పాత నిబంధన పఠనం ఆదికాండం 12. నీ దేశాన్ని, నీ వాళ్లను, నీ తండ్రి ఇంటిని వదిలి నడవమని అబ్రాముకు ఆజ్ఞ. ఎక్కడికో చెప్పకుండానే.

ఈ మత్తయి ఏడాది పఠనాలే 2020లో వచ్చాయి. ఆ లెంటును తేదీల వారీగా చూడాలి.

మార్చి 8, రెండో ఆదివారం. అబ్రాము ఊరు విడిచాడు. సూరత్‌లో మగ్గాలు ఎప్పట్లాగే రెండు షిఫ్టులు, పన్నెండేసి గంటలు ఆడుతున్నాయి. మార్చి 15న ఎడారిలో దాహంతో జనం మోషే మీద తిరగబడిన కథ, మమ్మల్ని ఇక్కడ చంపడానికే తెచ్చావా అని. మార్చి 22న పుట్టు గుడ్డివాడు. ఇతను గుడ్డివాడు కావడానికి ఎవరు పాపం చేశారు, ఇతనా, ఇతన్ని కన్నవాళ్లా అని శిష్యులు అడుగుతారు. ఆ రోజు దేశమంతా జనతా కర్ఫ్యూ. వ్యాధికి కారకులెవరన్న వెతుకులాట అప్పటికే మొదలైంది. 24 అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. చర్చి, గుడి, మసీదు, మార్కెట్ అన్నీ మూతపడ్డాయి. మగ్గాలు ఆగిపోయాయి. మీటరు లెక్కన కూలి వచ్చే వాళ్లకు మగ్గం ఆగితే ఆ పూటతోనే కూలి ఆగుతుంది.

మార్చి 29, అయిదో ఆదివారం. ఆ రోజు పఠనం యెహెజ్కేలు 37. లోయనిండా ఎండిన ఎముకలు. ఇవి బతుకుతాయా అని దేవుడు ప్రవక్తను అడుగుతాడు. మా ఆశ పోయింది, మేం తెగిపోయాం అని అంటున్న జనాన్ని సమాధుల్లోంచి లేపి సొంత నేలకు చేరుస్తానని మాట ఇస్తాడు. ఈ కథ చనిపోయిన వాళ్ల గురించి కాదు, ఇంటికి దూరమైన వాళ్ల గురించి. బబులోను చెరలో ఉన్న ప్రవక్త అక్కడి వలస జనానికి చెప్పిన దర్శనం. చర్చిలు తెరవలేదు కాబట్టి సూరత్‌లో ఆ భాగాన్ని ఎవరు చదువుకున్నా ఇంట్లోనే చదువుకోవాలి. ఆ రాత్రి పాండేసరా ప్రాంతంలో వందలమంది కార్మికులు ఇళ్లకు పంపమంటూ రోడ్డెక్కారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు, 90 మందికి పైగా అరెస్టయ్యారు.

ఏప్రిల్ 5 మట్టల ఆదివారం. ఊరేగింపులు లేవు. మట్టలు కోసేవాళ్లు లేరు. రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలు దేశం దీపాలు వెలిగించింది. ఏప్రిల్ 10 గుడ్ ఫ్రైడే. తెలుగు ప్రొటెస్టెంట్ చర్చిల్లో ఆ మధ్యాహ్నం ఏడుగురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగిస్తారు. అయిదో మాట దాహం గురించి. ఆ ఏడాది ఆ ఏడుగురూ ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ రాత్రే సూరత్ లస్కాణా ప్రాంతంలో కార్మికులు మళ్లీ వీధుల్లోకి వచ్చారు. బకాయి కూలి ఇవ్వండి, లేదా ఊరికి పోనివ్వండి అన్నది డిమాండ్. బండ్లు, టైర్లు తగలబడ్డాయి. అక్కడ ఎక్కువమంది ఒడిశా గంజాం జిల్లా వాళ్లు. 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగమై, నేటికీ తెలుగు వినిపించే జిల్లా అది.

పట్టికకు ఇవేవీ తెలియవు. 1969లో రోమ్‌లో కూర్చుని దాన్ని కూర్చిన వాళ్లు సూరత్ పేరు తలచుకుని ఉండరు. అనుకోకుండా కుదిరిన దాన్ని దైవసంకేతం అనుకోవడానికి భక్తులు తొందరపడతారు, కాకతాళీయం అని కొట్టిపారేయడానికి ఇతరులు తొందరపడతారు. రెండూ అక్కర్లేదు. ఊరు విడవడం, దాహం, చెర, తిరిగి వెళ్లడం చుట్టూ అల్లిన పఠనాలు ఇవి. ఆ నాలుగూ ఏటా అనుభవించే జనం ఉన్న ఊళ్లో ఎక్కడో ఒకచోట అవి తగలక మానవు. 1930లోనూ అలాగే తగిలాయి. గాంధీ దండి యాత్ర మార్చి 12న మొదలై సూరత్ మీదుగా సాగి ఏప్రిల్ 6న ఉప్పు దగ్గర ముగిసింది. ఆ రోజులన్నీ లెంటులోనే. ఆయన ఉప్పు చేతిలోకి తీసుకున్నది లెంటు అయిదో ఆదివారం నాడు.

2020 ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చి వెళ్లింది. ఏప్రిల్ 26న, ఈస్టర్ కాలపు మూడో ఆదివారం, పఠనం లూకా 24. ఇద్దరు మనుషులు జెరూసలేంలో పని చెడి, దిగాలు పడి, ఎమ్మాయు అనే పల్లెకు కాలినడకన పోతుంటారు. దారిలో ఒక అపరిచితుడు వచ్చి కలుస్తాడు. పొద్దుపోయింది, మా దగ్గర ఉండిపొమ్మని వాళ్లు అతన్ని బతిమాలతారు. ఆ ఆదివారం దేశంలో జాతీయ రహదారులన్నిటి మీదా మూటలు నెత్తిన పెట్టుకుని నడిచే వాళ్లున్నారు. మే 1న మొదటి శ్రామిక్ రైలు కదిలింది, సంగారెడ్డి జిల్లా కంది ఐఐటీ కూలీలను తీసుకుని, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు. ఆ వెంటనే సూరత్ నుంచి ఒడిశాకూ రైళ్లు మొదలయ్యాయి.

వెళ్లిన వాళ్లలో చాలామంది కొన్ని నెలలకే తిరిగొచ్చారు. మగ్గాలు మళ్లీ ఆడాయి. యెహెజ్కేలు లోయ 2023 మార్చి 26న మరోసారి వచ్చింది, ఈసారి తలుపులు తెరిచిన చర్చిల్లోకి. 2026లో దాని వంతు మార్చి 22. ఆ తర్వాత 2029 మార్చి 18. లింబాయత్‌లో ఇప్పుడు తెలుగు ఒకటో తరగతి చదివే పిల్ల అప్పటికి నాలుగో తరగతిలో ఉంటుంది.